వాకిట్లో లేని గత్తం కుప్ప

విజయనగరం,
12 సెప్టెంబరు 1967

మా అప్ప మొగుడూ, నాకున్న ఒకే ఒక్క బావా అయిన అప్పలసూరికి నరసింగరావు నమస్కారం. అప్పకి రెండు నమస్కారాలు.

నేను కులాసా. మెస్సులో చారూ పప్పూ ఏది ఏదో ఇప్పటికీ పోల్చుకోలేకపోతున్నాను. అదలా ఉంచు. ఊరూరా తిరిగి గోబర్ గ్యాస్ గురించి చెప్పడం నా ఉద్యోగమని నీకు తెలుసు. పేడ నీళ్ళలో కలిపి నూతిలో పోస్తే, పైన బోర్లించిన ఇనప డ్రమ్ములో గ్యాసు పోగై గొట్టంలోంచి వంటింట్లోకి వస్తుంది. నూతిలోంచి బయటికొచ్చే మడ్డిని గోగాకు, చెరకాకు, ఊక, వేరుశనగ తొక్కలతో పొరలుపొరలుగా గుంటల్లో వేస్తే మూడు నెలల్లో మంచి కంపోస్టు. ఇదంతా గోడకి బొమ్మలు తగిలించి, కర్రతో చూపించి చెబుతాను. అందరూ బుద్ధిగా వింటారు. చివర్లో ఎవరో ఒకరు లేచి, "మీ ఇంట్లో ఉన్నాదా బాబూ?" అంటారు. అంతే, నా పరువు అక్కడికి సరి.

మొన్న రామతీర్థం దగ్గర ఒక ఊళ్ళో మహిళా మండలికి చెప్పాను. ఒకమ్మాయి లేచి, "గ్యాసు పోయినాక ఆ పేడలో సత్తువ ఉంటాదా, పోతాదా?" అని అడిగింది. ఇన్నాళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. ఎక్కడికీ పోదండీ అన్నాను. "అయితే ఇన్నాళ్ళూ పిడకలు సేసి పొలానికి పోవాల్సింది పొయ్యిలో పెట్టీసినామన్నమాట" అని కూర్చుంది. ఆ తరవాత నేనేం మాట్లాడానో నాకే గుర్తులేదు బావా. పేరు తాయారు. సోములు గారి అమ్మాయి. మనకి అన్ని విధాలా సరిపడే కుటుంబమని వాకబు చేశాను. ఇంతకంటే రాయను. నువ్వు తెలివైనవాడివి.

ముందు మనింట్లో ఆ నుయ్యి తవ్వించు. నా ఉద్యోగం నిలబెట్టు.

నీ బావమరిది,
నరసింగరావు


సన్నివలస,
24 సెప్టెంబరు 1967

చదువుకుని చెడిపోయిన బావమరిదికి అప్పలసూరి దీవెనలు.

ఉత్తరం చదివి మూడు రోజులు నీ మీద కోపంతో అన్నం సరిగా తినలేదు. మన వాకిట్లో గత్తం కుప్ప మీ నాన్న, అంటే మా మావ, వేసిన చోటే ఉంది. పశువుల పేడా, కసువూ, బూడిదా అన్నీ పడి ఇంత ఎత్తయింది. దాని మీద ఎక్కి నిలబడితే పక్కింటి ఎర్రన్న ఇంటి కప్పు మీద ఎన్ని గుమ్మడికాయలున్నాయో లెక్కపెట్టొచ్చు. దాన్ని తీసుకెళ్ళి నూతిలో పోయమంటావా? నీ దుంప తెగ!

మన వైపు సంబంధానికి వచ్చినవాళ్ళు ఇల్లు ఎలా చూస్తారో మరిచిపోయావా? గుమ్మం చూడరు, గోడలు చూడరు. ముందు గత్తం చూస్తారు. గత్తం ఉంటే పశువులున్నట్టు, పశువులుంటే పొలమున్నట్టు, పొలముంటే పిల్ల కడుపు నిండుతుందన్నట్టు. నన్ను మీ ఇంటికి ఇల్లరికం పంపే ముందు మా అయ్య ఏం చూశాడనుకున్నావు? మీ అప్పనా? గత్తం చుట్టూ అడుగులేసి కొలుచుకుని వచ్చి, "మంచి సంబంధంరా" అన్నాడు.

ఇదంతా మీ అప్పకి చదివి వినిపించడం నా పొరపాటు. "పొయ్యి ఊదక్కర్లేదా?" అని ఒక్క మాట అడిగింది. అక్కర్లేదటలే, వాడి మాటలకేం అన్నాను. మర్నాడు సాయంత్రం నన్ను పొయ్యి ముందు కూర్చోబెట్టి, తడి గోగుపుల్లలూ నాలుగు పిడకలూ పెట్టి, ఊదుగొట్టం చేతికిచ్చింది. "ఊదు" అంది. ఊదాను. అన్నం సగం ఉడికే వేళకి నా రెండు కళ్ళూ చింతనిప్పులు. "ఇది నాను రోజుకి రెండుసార్లు సేస్తన్నాను. నూతికి ఒప్పుకుంతావా, రేపూ ఊదుతావా?" అంది.

నేను ఒప్పుకోలేదు. ఊరుకున్నాను. మేస్త్రీని పంపు.

కళ్ళు మండుతూ,
నీ బావ అప్పలసూరి


విజయనగరం,
5 నవంబరు 1967

పొయ్యి ఊదిన వీరుడు బావకి సాష్టాంగ నమస్కారం.

నుయ్యి కట్టడం అయిందని మేస్త్రీ వచ్చి చెప్పాడు. డ్రమ్ము లారీ మీద నరసన్నపేట వస్తుంది, అక్కణ్ణుంచి బండి మీద తెచ్చుకో. గ్యాసుకి దగ్గర్లో గడ్డి ఉండకూడదు కనక గడ్డి మేటు వాకిట్లోంచి తీసి పొలం గట్టుకి మార్పించు. గత్తం కుప్ప మొత్తం ఎత్తించి, పొలంలో తవ్విన గుంటల్లో నేను రాసిచ్చిన పొరల ప్రకారం వేయించు. ఒక్క తట్ట కూడా వాకిట్లో మిగలకూడదు.

ఎందుకంటే, మా ఆఫీసు జగన్నాధం ద్వారా సోములు గారికి కబురు పెట్టాను. కోతలయ్యాక మన ఇల్లు చూసుకోవడానికి వస్తామన్నారు! మన వాకిలి ఎలా ఉండాలంటే, అక్కడ వడియాలు పెట్టుకోవచ్చు అనిపించాలి. నువ్వు చెప్పిన గత్తం లెక్కలు మీ అయ్య కాలం నాటివి. తాయారు లాంటి పిల్లని కన్నవాళ్ళు గత్తం కొలుస్తారా బావా?

ఆశలో తేలుతున్న,
నరసింగరావు


సన్నివలస,
10 జనవరి 1968

వడియాల వాకిలి యజమానికి బావ రాయునది.

నీ నుయ్యి పనిచేస్తోంది. నెల రోజులు ఏమీ రాలేదు. పొద్దున్నే ఎర్రన్న వచ్చి, "బావా, వంటయ్యిందేటి?" అని అడిగి నవ్వుకుంటూ పోయేవాడు. వాణ్ణి ఆ నూతిలోనే తోసేద్దామనుకున్నాను. ఒకరోజు లేచి చూసేసరికి డ్రమ్ము తనంతట తనే జానెడు పైకి లేచి ఉంది. ఎర్రన్న భార్య దానికి దణ్ణం పెట్టింది. మర్నాడు మీ అప్ప అగ్గిపుల్ల గీసింది. నీలం మంట. చప్పుడు లేదు, పొగ లేదు. మీ అప్ప పావుగంట దాని ముందు ఊరికే కూర్చుంది. వంట చేయమంటే, "ఉండవయ్యా, సూడనీ" అంది.

నువ్వు చెప్పినట్టే కుప్ప ఎత్తించాను, మేటు మార్పించాను, వంటచెరుకు ఎవరికో ఇచ్చేశాను. వాకిలి బోడిగుండులా ఉంది. వీధిలోకి వెళ్ళాలంటే నాకే సిగ్గుగా ఉంది.

ఒక సంగతి. మీ అప్ప నా చేత ఒట్టు వేయించుకుంది. "ఇల్లు సూసుకోడానికి వచ్చినోళ్ళకి ఈ మంట ఎక్కడినుంచి వస్తన్నాదో సెప్పినావంటే నా మీద ఒట్టే. పేడలోంచి వచ్చిన మంట మీద వండినామని తెలిస్తే మనింట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు. పెళ్ళవనీ, అప్పుడు సెప్పుకుందుము" అంది. నాకు ఇది సబబుగానే తోచింది. నువ్వేమంటావో రాయి.

అప్పలసూరి


విజయనగరం,
20 జనవరి 1968

బావా! బావా! బావా!

ఈ నెల 29వ తేదీ పొద్దున్న వస్తున్నారు. సోములు గారూ, ఆయన బావమరిది దాలయ్య గారూ. నేను ఉండకూడదట, అదేదో మర్యాదట. నీ ఉత్తరం పైపైన చదివాను, బస్సుకి వేళైంది. అన్నిటికీ అప్ప ఎలా చెబితే అలా చెయ్యి. వాళ్ళతో వాదనలు పెట్టుకోకు. అయిదు నిమిషాల్లో టీ ఇప్పించు. అది చాలు, పడిపోతారు!

తొందరలో,
నరసింగరావు


సన్నివలస,
30 జనవరి 1968

కాబోయే పెళ్ళికొడుక్కి బావ ఆశీస్సులు.

నువ్వు గెలిచావు. నిన్న వాళ్ళు వచ్చారు. అంతా దివ్యంగా జరిగింది. పూసగుచ్చినట్టు రాస్తున్నాను, దాచుకుని చదువుకో.

సోములు గారు వాకిట్లో నిలబడి అటూ ఇటూ చూశారు. "వాకిలి ఇంత నున్నగా ఉన్నాదేటండి?" అన్నారు. "అంతా తీయించేశామండి" అన్నాను, కొంచెం గర్వంగానే. "గడ్డి మేటో?" అన్నారు. "అదీ తీయించేశాం" అన్నాను. "పశువులో?" అన్నారు. పొలం వెళ్ళాయని చెప్పాను. ఆయన తలెత్తి మన ఇంటి కప్పుకేసి చాలాసేపు చూశారు. పెంకు కొత్తది కదా, నచ్చినట్టుంది.

కూర్చోగానే టీ వచ్చింది. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. దాలయ్య గారు గ్లాసు పట్టుకుని ఆశ్చర్యపోయారు. "హోటలు దగ్గిర్లోనే ఉన్నాదేటండి?" అని అడిగారు. రోడ్డు మీద ఉందండి, మంచి హోటలే అన్నాను. పాపం, వాళ్ళకి బస్సు దిగిన చోట టిఫిను దొరకలేదేమో. పెరడు చూస్తామన్నారు. డ్రమ్ము కంట పడుతుందని మీ అప్ప గబుక్కున తలుపు గడియ పెట్టేసి, పెరట్లో తేళ్ళున్నాయంది. మంచి సమయస్ఫూర్తి. భోజనానికి ఎంత బతిమాలినా ఉండలేదు. "మీకెందుకండీ శ్రమ" అని మరీ మరీ అన్నారు. అంత మర్యాదస్తుల్ని నేను చూడలేదు. వెళ్తూ వెళ్తూ దాలయ్య గారు నా భుజం మీద చెయ్యి వేసి, "ధైర్యంగా ఉండండి" అన్నారు. ఆ మాట ఎందుకన్నారో మాత్రం తెలియలేదు.

మేళం ఎవరిని పెడదాం?

నీ బావ


విజయనగరం,
9 ఫిబ్రవరి 1968

బావకి.

మేళం అక్కర్లేదు. సంబంధం తప్పిపోయింది.

సోములు గారు జగన్నాధానికి చెప్పిన మాటలు చెప్పినట్టే రాస్తున్నాను. "కుర్రోడు మంచోడే గాని ఇల్లు సితికిపోయినాది బాబూ. గత్తం తీయించీసినారు, గడ్డి అమ్ముకున్నారు. పశువులు పొలమెల్లినాయని సెప్పినారు గాని ఒక్క తోక కనిపించనేదు. ఇంటి మీద పొగ లేదు. అంటే పొయ్యి రాజేసి ఎన్నాళ్ళయిందో! టీ కూడా హోటలు నుంచి తెప్పించి పోసినారు. పెరట్లోకి రానియ్యనేదు. నా పిల్లని పస్తులుండడానికి పంపనా?"

చదివావా? గ్యాసు మాట ఎందుకు చెప్పలేదు బావా? నేను ఊరూరా తిరిగి గొంతు చించుకుని చెప్పేది నా ఇంట్లో, నాకు పిల్లనిచ్చేవాళ్ళ దగ్గర దాచిపెడతారా? వాళ్ళు తేళ్ళున్న కొంప అనుకుని వెళ్ళిపోయారు. నాకు ఆ పిల్ల తప్ప ఇంకో సంబంధం వద్దు. ఈ మాట ఇప్పుడు విప్పి రాస్తున్నాను, ముందే రాయాల్సింది.

నరసింగరావు


సన్నివలస,
14 ఫిబ్రవరి 1968

నరసింగానికి.

నీకు కోపం వస్తే నాకు రాదా? గత్తం చూస్తారురా అని సెప్టెంబరులో నెత్తీ నోరూ కొట్టుకుని రాశాను. మా అయ్య కాలం నాటి లెక్కలన్నావు. ఒట్టు సంగతి జనవరిలో రాశాను. బస్సుకి వేళైందన్నావు. అప్ప చెప్పినట్టు చెయ్యమన్నది ఎవరు? నేనా?

సరే, తిట్టుకోవడం అయింది. నాకు బాధగానే ఉంది. ఇంటికి పెద్దవాణ్ణై ఉండి, వాళ్ళు జాలిపడుతుంటే మర్యాద అనుకున్నాను. ధైర్యంగా ఉండండి అన్నాడే, ఆ మాట తల్చుకుంటే నిద్ర రావడం లేదు. మీ అప్పైతే, "నా ఒట్టే ఆడి కొంప ముంచినాది" అంటోంది.

ఒక ఉపాయం ఉంది. ఎర్రన్న తన గత్తం కుప్ప నాలుగు రోజులు మన వాకిట్లో పోయిస్తానంటున్నాడు. పది బళ్ళు అవుతుంది. పశువులు కూడా తోలిస్తాడట. పొగ కోసం పెరట్లో తడి గడ్డి కాల్పిస్తాను. నువ్వు వాళ్ళని ఇంకోసారి రమ్మను.

అప్పలసూరి


విజయనగరం,
19 ఫిబ్రవరి 1968

బావకి.

ఎర్రన్న గత్తం ఎర్రన్న దగ్గరే ఉండనీ. అబద్ధం కుప్ప పోసి ఆ పిల్లని తెచ్చుకుంటే, ఆవిడ మొదటి రోజే దాని చుట్టూ తిరిగి ఇందులో మన పశువులది ఎంతని అడుగుతుంది. నేనేం చెప్పను?

నిన్న ఒక ఊళ్ళో మళ్ళీ అడిగారు, "మీ ఇంట్లో ఉన్నాదా?" అని. ఉందండి, అందుకే నాకు పెళ్ళి తప్పిపోయిందండి అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ బొమ్మలు తలకిందులుగా చుట్టబెట్టుకుని వచ్చేశాను. జగన్నాధం చేత అసలు సంగతి ఒక్కసారి చెప్పించాను. సోములు గారు నమ్మలేదట. "సితికిపోయినోళ్ళు ఏదో ఒకటి సెప్తారు" అన్నారట.

వదిలెయ్యి. నీదేం తప్పు లేదు. అప్పని కళ్ళనీళ్ళు పెట్టుకోవద్దని చెప్పు. కంపోస్టు మాత్రం వేళకి పొలంలోకి తోలించు. అదైనా దక్కాలి.

నరసింగరావు


సన్నివలస,
2 మార్చి 1968

నా బంగారు బావమరిదికి, దీర్ఘాయుష్మాన్ భవ.

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడతావు.

నువ్వు చెప్పావని శివరాత్రి ముందు నాలుగు రోజులూ గుంటల్లోంచి కంపోస్టు పొలంలోకి తోలించాను. ముఖలింగం రోడ్డు పక్క మడి నీకు తెలుసుగా, ఆ చివర నుంచి ఈ చివరకి నల్లగా పోగులు పెట్టించాను. నేను గోచీ బిగించుకుని పార పట్టుకుని ఉన్నాను. ముఖలింగేశ్వరుడి దర్శనానికి వెళ్ళే బళ్ళు రోడ్డు మీద పోతున్నాయి. ఒక బండి ఆగింది. ఒకాయన దిగి గట్టు మీద నిలబడి, వేలు చూపిస్తూ పోగులు లెక్కపెడుతున్నాడు. ఎవడ్రా వీడు, దిష్టి పెడుతున్నాడని అరవబోయాను. సోములు గారు!

ఆయన నన్ను పోల్చుకోలేదు. "ఓయ్, ఈ మడి ఎవులిది? నూట నలభై పోగులు లెక్కపెట్టినాను, ఇంకా ఉన్నాయి" అన్నారు. "నాదీ, నా బావమరిదిదీ" అన్నాను. అప్పుడు మొహం చూశారు. బండిలోంచి ముసలావిడ, ఆయన తల్లి గున్నమ్మ గారు, "సెప్పినానా? పిల్ల సెప్పినట్టే ఉన్నాదా?" అంటోంది.

ఏం జరిగిందంటే, తాయారు తండ్రిని వదిలిపెట్టలేదట. "ఆళ్ళింట్లో టీ పొగ వాసన వచ్చినాదా నాన్నా?" అని అడిగిందట. రాలేదన్నారట. "హోటలు టీ అయినా పొగ వాసన వస్తాది గదా. మరి అది ఏ పొయ్యి మీద కాసినారు? గత్తం వాకిట్లో కాదు, పొలంలో సూడు" అందట. తండ్రి వినకపోతే నాయనమ్మని పట్టుకుందట. శివరాత్రి వంకతో ముసలావిడే నరసన్నపేట దాకా బస్సులో తీసుకొచ్చి, అక్కణ్ణుంచి ఈ దారిన బండి కట్టించింది.

అందర్నీ ఇంటికి తీసుకొచ్చాను. మీ అప్ప వాళ్ళని చూసి బెదిరిపోయింది. టీ వచ్చింది, అయిదు నిమిషాల్లోనే. గున్నమ్మ గారు ఒక గుక్క తాగి, "ఏ మంటమ్మా ఇది?" అని అడిగారు. మీ అప్ప నాకేసి చూసింది. నేను గోడకేసి చూశాను. ఒట్టు దానిదే కదా, అదే తీసుకోవాలి. చివరికి నేల చూపులు చూస్తూ, "పేడ మంటండి" అంది.

నేను గ్లాసులు తీసెయ్యడానికి లేవబోయాను. ముసలావిడ మాత్రం గ్లాసు దించలేదు. "దానికేటి? డెబ్బై ఏళ్ళుగా పిడకల మీద వండిన కూడే గదా తింతన్నాం. పిడక మీదయితే పనికొచ్చి, గొట్టంలోంచి వస్తే పనికిరాదేటి? ఇంకో గ్లాసు పొయ్యి" అన్నారు. ఒరే, నాకూ మీ అప్పకీ ఈ ముక్క ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదు? మా ఇద్దరి బుర్రలూ కలిపి కంపోస్టులో వేసినా పనికిరావు.

తరవాత జరిగింది విను. ఆవిడ మీ అప్పని దగ్గరికి పిలిచి, గెడ్డం పట్టుకుని గుమ్మంలో వెలుతురు వైపు తిప్పారు. కళ్ళలోకి చాలాసేపు చూశారు. "ఎన్నాళ్ళయినాదే పొయ్యి మానేసి?" అన్నారు. రెండు నెలలు దాటిందని చెప్పింది. "సూడ్రా సోములూ, ఈ కళ్ళు ఎంత తెల్లగున్నాయో. మనింట్లో ఆడోళ్ళకి ముప్పై దాటకండా ఎర్రబడిపోతన్నాయి. నాకు మనవరాలి మొకం మసగ్గానే కనిపిస్తాది. దాని కళ్ళయినా మిగలనీ. పిల్లని ఈ ఇంటికే ఇయ్యి" అన్నారు. సోములు గారు సరే అన్నారు. పెరట్లోకి వెళ్ళి డ్రమ్ము చుట్టూ అడుగులేసి కొలుచుకున్నారు కూడా. తేళ్ళేవీ అని అడగలేదు, మర్యాదస్తులే.

తాయారుది ఒక షరతు ఉంది. పెళ్ళికి ముందే వాళ్ళ అమ్మ వంటింట్లోకి కూడా ఆ గొట్టం రావాలట. మేస్త్రీని పంపించు, నువ్వూ వెళ్ళు. పెళ్ళికొడుకు వెళ్ళకూడదంటే, ఆఫీసు పనని చెప్పు.

ఇక కళ్ళనీళ్ళ సంగతి. నీకు తప్ప ఎవరికీ చెప్పను. పెళ్ళయిన పదహారేళ్ళుగా రోజూ సాయంత్రం మీ అప్ప కళ్ళు ఎర్రగానే చూశాను. ఎందుకు ఏడిచావని ఏనాడూ అడగలేదు. ఇల్లరికం వచ్చినవాణ్ణి, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. నన్ను చేసుకున్నందుకే అనుకునేవాణ్ణి. ఆవేళ పొయ్యి ఊది నా కళ్ళూ ఎర్రబడ్డాయి, అప్పుడైనా తట్టాల్సింది. తట్టలేదు. ముసలావిడ వెళ్ళాక ధైర్యం చేసి అడిగాను, ఇన్నాళ్ళూ అది పొగేనా అని. "మరేటనుకున్నావు?" అంది. చెప్పాను. నవ్వింది, నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పొగ లేకుండా మీ అప్ప కళ్ళలో నీళ్ళు చూడడం నాకు అదే మొదటిసారి.

మేళం నేనే మాట్లాడతాను.

నీ బావ,
అప్పలసూరి